కలపకూడని గంట

నా అల్మారాలో ఇరవై ఆరు డైరీలున్నాయి. వాటిలో ఒక వాక్యం అబద్ధం. మిగిలినవి సరిచూసి రాసినవే: ఏ రోజు ఎంత వాన పడిందో, ఏ ఓడ ఏ పోటుకు రేవులోకి వచ్చిందో, నేను ఎన్ని గంటలు నిద్రపోయానో. కాని ఆ ఒక్క వాక్యానికున్న బరువు మిగిలిన పుస్తకాలన్నీ కలిసినా రాదు. ఇరవై మూడేళ్ళుగా మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమోనని ప్రయత్నిస్తున్నాను.

శుక్రవారం లోపల చెప్పాలి. ఇవాళ బుధవారం. ఎందుకో తరవాత రాస్తాను. ముందు జరిగింది జరిగిన వరసలో రాయనివ్వండి. వరస తప్పితే, మళ్ళీ నాకు అనుకూలంగా మార్చేసుకుంటానని భయం.

నూకరాజు, నేను విశాఖపట్నంలో ఒకే కాలేజీలో చదివాం. వాడిది జాలరిపేట. తండ్రి వేటకు వెళ్ళేవాడు. తల్లి పోలమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని సీతమ్మధారలో మా వీధికే చేపలమ్మడానికి వచ్చేది. ఇద్దరికీ ఒకే ఏడాది స్కాట్లాండులో పై చదువుకు సీట్లు వచ్చాయి. వేసవి సెలవుల్లో వీపున చెరొక సంచీ తగిలించుకుని ఆ దేశపు పాత కోటలు చూడడానికి బయలుదేరాం. తొమ్మిది రోజులు, ఆరు కోటలు. ఏ బస్సు ఎన్నింటికి, ఏ బురుజుకు ఎన్ని మెట్లు, ఏ గోడ ఎన్ని అడుగుల మందం, అంతా నా నోటుపుస్తకంలో ఉండేది. వాడు పుస్తకం పట్టుకోలేదు. మనుషులను పట్టుకునేవాడు.

అయిదో కోట కింద చిన్న రేవులో ఒక ముసలి జాలరి దగ్గర సగం రోజు కూర్చున్నాడు. వల ముడి వాళ్ళు వేసే తీరు నేర్చుకున్నాడు, మన తీరు నేర్పాడు. పడవ మీద కొన్ని చేపల పేర్లు పైకి అనకూడదట. వేటకు వెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడగకూడదట. నూకరాజు పగలబడి నవ్వాడు.

“మా పేటలోనూ అంతే బావా! ఏటకెల్లేవోణ్ణి ఎక్కడికని అడిగితే మాయమ్మ సీపురు తిరగేత్తాది!”

నేను ఆ విషయాన్ని నోటుపుస్తకంలో ‘మూఢనమ్మకాలు’ అన్న శీర్షిక కింద రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

ఆరో కోట సముద్రంలో ఒక రాతి మీద ఉంది. నీరు తీసినప్పుడు ఒడ్డు నుంచి అక్కడిదాకా ఇసుక దారి తేలుతుంది. పోటు వస్తే ఆ దారి మునిగి, కోట ద్వీపమైపోతుంది. ఏ వేళ వరకు నడవవచ్చో ఒడ్డున ఒక బోర్డు మీద రాసి పెడతారు. ఆ రోజుకు మధ్యాహ్నం మూడు వరకు అని ఉంది.

ఇప్పుడు ఆ గంట సంగతి. ఆ దేశంలో వేసవి రాగానే గడియారాలన్నీ ఒక గంట ముందుకు తిప్పుతారు. ఏడాది పొడుగునా గడియారం కదలని దేశం నుంచి వచ్చినవాణ్ణి. ఈ సంగతి నాకు ఎంత వింతో, తెలుసుకున్నాక అంత గర్వం. అంతకుముందు ఊళ్ళో కొన్న ఆటుపోట్ల పట్టికలో ఆ గంట కలపలేదు, మనమే కలుపుకోవాలి. నేను కలిపి సరిచూసుకున్నాను, సరిపోయింది. కనుక ఈ బోర్డు ముందు కూడా నిలబడి, మూడుకు ఒకటి కలిపి, నాలుగు అని రాసుకుని నోటుపుస్తకం చొక్కా జేబులో పెట్టుకున్నాను. బోర్డు మీది వేళకు వాళ్ళు ముందే కలిపి ఉంచారు. ఆ మాట కింద చిన్న అక్షరాల్లో ఉంది. అన్నీ చదివే నేను దాన్ని చదవలేదు. ఎందుకు చదవలేదు? నాకు తెలుసని అనుకున్నాను. అంతకంటే జవాబు ఇరవై మూడేళ్ళలో దొరకలేదు.

మూడూ పదికి కోట దిగాం. చివరి మెట్టు మీద నూకరాజు ఆగిపోయాడు. ఇసుకలోని పాయలను వంగి చూశాడు.

“బావా, నీరు తిరిగింది. దిగొద్దు. ఈ రాయి మీదే కూకుందాం. పొద్దుగూకేక మళ్ళా దారొత్తాది.”

“నాలుగుంబావుకి బస్సు. దారి నాలుగు దాకా ఉంటుంది. లెక్క చూశాను.”

“ఏటి బావా, సముద్రం నీ పుస్తకం సదూతాదేటి?”

వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

“మీ జాలరిపేట తెలివి ఇక్కడ పనిచెయ్యదురా. ఇది లెక్క ప్రకారం నడిచే దేశం.”

వాడి ముఖంలో నవ్వు ఆగిపోవడం చూశాను. చూసి కూడా దిగాను. ఇరవై అడుగులు వేశాక వెనక పరుగు వినపడింది.

“ఆగెహే! నీకు ఈత రాదు కదా. నాను ముందు నడుత్తాను. నీ సంచీ ఇటియ్యి.”

ఇచ్చాను. ఇదీ రాయాలి. ఇచ్చాను.

సగం దారిలో రెండు పక్కల నుంచీ నీరొచ్చింది. మోకాళ్ళకు, అటుపైన నడుముకు. చిక్కుకున్నవాళ్ళు ఎక్కడానికి అక్కడ ఒక పొడవాటి స్తంభం, దానికి నిచ్చెన ఉన్నాయి. వాడు నన్ను ఆ నిచ్చెన మీదికి నెట్టాడు. తను కింది మెట్టు పట్టుకున్నాడు. మన సముద్రంలో ఎంతసేపైనా ఈదగలవాడు. ఆ చలి నీళ్ళలో చేతులు పట్టు వదిలేస్తాయని వాడికీ తెలియదు, నాకూ తెలియదు. “సేతులు మొద్దుబారిపోనాయి బావా,” అన్నాడు. రెండు సంచులూ వాడి భుజాన ఉన్నాయి. నేను చెయ్యి చాచాను. చాచాననే అనుకుంటున్నాను. ఈ ఒక్కదాన్ని ఏ డైరీ చూసి సరిచూసుకోను?

పడవ వచ్చి నన్ను దించింది. వాడు మర్నాటి ఆటుకు దొరికాడు.

దారిలో దిగుదామని ఎవరన్నారని పోలీసు అడిగాడు. “నేను వద్దన్నాను. ఈత వచ్చునన్న ధైర్యంతో వాడే దిగాడు,” అన్నాను. ఎంత తేలికగా వచ్చింది నోటికి! మర్నాడు బోర్డు కింది చిన్న అక్షరాలు చదివాను. అప్పుడైనా దిద్దుకోవచ్చు. దిద్దలేదు. కాలేజీలో అదే చెప్పాను. వాడి శవపేటికతో ఇంటికి వచ్చి, పోలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అదే చెప్పాను. డైరీలో అదే రాశాను: నూకరాజు నా మాట వినలేదు.

అది భయమా? భయం ఒక రోజు ఉంటుంది, ఒక నెల ఉంటుంది. మిగిలిన కాలమంతా ఏమిటి? తప్పుడు లెక్క వేసినవాణ్ణని తెలియనివ్వడం కంటే, ఒక జాలరి బిడ్డ సముద్రాన్ని ఖాతరు చెయ్యలేదని పేటంతా అనుకోవడమే నాకు నయమనిపించిందా? అదే అయి ఉండాలి. పేటలో పెద్దవాళ్ళు అలాగే అన్నారు. “సదువు తలకెక్కి గంగమ్మ తల్లిని లెక్కసెయ్యలేదు,” అని. కొడుకు పోయిన దుఃఖాన్ని పోలమ్మ మోయగలిగింది. ఈ మాటను మోయలేకపోయింది. వాడి పేరెత్తడం మానేసింది. నా గుమ్మానికి రావడం మాత్రం మానలేదు. కోనాం చేప దొరికిన రోజున మంచి ముక్క మొదట నాకే. “నువ్వొద్దన్నావు. ఆడే యిన్లేదు బాబూ,” అనేది. నేను ముక్కలు తూయించుకునేవాణ్ణి. రేవులో నా ఉద్యోగం ఏమిటనుకుంటున్నారు? ఏ పోటుకు ఏ ఓడ రావాలో చూసే బల్ల దగ్గర. ఇన్నేళ్ళలో ఒక్క నిమిషం తప్పలేదు.

పోయిన ఆదివారం ఉదయం పోలమ్మ తట్ట మెట్టు మీద దించి కూర్చుంది. ఆమె కూతురి కూతురు దివ్యకు సముద్రాల చదువుకు బయటి దేశంలో సీటు వచ్చింది. శుక్రవారం లోపల వస్తున్నదీ లేనిదీ చెప్పాలట.

“నాను పంపను బాబూ. ఆడిలాగే ఇదీ మాట యిన్ని రకం. నువ్వొచ్చి సెప్పు, మావయ్య ఎలా పోనాడో. దగ్గరున్నోడివి. నువ్ సెప్తే ఇంటాది.”

వస్తానన్నాను. ఆ అబద్ధాన్ని మళ్ళీ ఒకసారి, ఈసారి ఆ పిల్ల బతుకు మీద, చెప్పడానికి ఒప్పుకున్నాను. ఇక్కడిదాకా బుధవారం రాసింది.

ఇది శుక్రవారం.

నిన్న పొద్దున్నే నోటుపుస్తకం తీసుకుని జాలరిపేట వెళ్ళాను. పోలమ్మ ఇసుక మీద చేపలు ఆరబెడుతోంది, అటూ ఇటూ మరో అయిదారుగురు ఆడవాళ్ళు. దివ్య పక్కనే ఉంది. ఆ పేజీ తెరిచి దివ్య చేతిలో పెట్టాను. మూడు, దాని కింద ఒకటి, గీత, దాని కింద నాలుగు. తరవాత అంతా చెప్పాను, పైన రాసిన వరసలోనే. పోలమ్మ చేతులు ఆగిపోయాయి. చేతిలో చేపను ఇసుక మీద పెట్టి అడిగింది.

“నీరు తిరిగిందన్నాడా?”

“అన్నాడమ్మా.”

“దిగొద్దన్నాడా? ఆడి నోటితోనే?”

“అన్నాడు. రాయి మీదే కూర్చుందామన్నాడు.”

లేచింది. నా వైపు కాదు, ఆడవాళ్ళ వైపు తిరిగింది. ఒడ్డంతా వినపడేలా అరిచింది. “ఒలే, ఇన్నారా? మా ఓడికి తెలిసింది! నీరు తిరిగిందని మా నూకరాజు ముందే సెప్పినాడు! నూకరాజు సెప్పినాడే!”

ఆమె నోట ఆ పేరు ఇరవై మూడేళ్ళ తరవాత విన్నాను.

అప్పుడు నా వైపు చూసింది. “నీకోసం దిగినాడన్నమాట.” తలూపాను. “మా గుమ్మం మరి తొక్కకు. నీ ఈదికి నాను రాను. ఎల్లు.”

దివ్య ఆ నోటుపుస్తకం తిరిగి ఇవ్వలేదు. నేను అడగలేదు. ఆ పిల్ల వెళుతుందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే అర్హత లేదు. క్షమించమని అడగలేదు. ఏ ముఖంతో అడగను?

ఇవాళ తొమ్మిదింటికి మా వీధిలో చేపల కేక వినపడలేదు. పదింటి దాకా గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వచ్చి ఆ ఏడాది డైరీ తీశాను. ఆ వాక్యాన్ని చెరపలేదు. కనిపించేలా ఒక్క గీత గీసి, కింద ఇవాళ్టి తేదీ వేసి రాశాను: నూకరాజు చెప్పాడు. నేను వినలేదు. వాడు నాకోసం దిగాడు.

సిరా ఆరేదాకా కూర్చున్నాను. ఏదీ తీరిపోలేదు. ఊపిరి మాత్రం, చాలా కాలానికి, చివరిదాకా వెళ్ళి వచ్చింది.