సున్నపు తేట తాగిన సముద్రం

పటాన్‌చెరులో ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రాలు ఎంత పీల్చుకుంటాయో ఎలా అంచనా వేస్తారన్నది మర్నాటి పాఠం. గాలిలో ఎంతుందో, నీటిలో ఎంతుందో కొలిచి, ఆ తేడాను బట్టి లెక్కగడతారు. నీళ్లు వాయువును పీల్చుకుంటాయని ముందు పిల్లలకు చూపించాలి. అందుకే ముందురోజు సాయంత్రం ఇంట్లో ఓసారి చేసి చూద్దామని గ్లాసులో సున్నపు తేట పోశాను. స్ట్రాతో ఊదితే మన ఊపిరిలోని వాయువు కలిసి అది తెల్లబడుతుంది.

నాలుగేళ్ల మా పాప స్ట్రా లాక్కుంది. "సముద్రం ఎట్ల పీల్చుకుంటదో సూద్దాం పట్టు" అన్నాను.

"నేను సముద్రమా మమ్మీ?"

పొయ్యి మీద పాలు పొంగుతుంటే అటు తిరిగి "ఆఁ" అన్నాను.

పాప గట్టిగా పీల్చింది. మరుక్షణం గొంతు పట్టుకుని కేకపెట్టింది. మా ఆయన సెకండ్ షిఫ్టులో ఉన్నారు. పాప నోరు కడుగుతుంటే పక్కింటి రాములమ్మక్క ఉరికొచ్చింది. "ఏం తాగిపిచ్చినవే పిల్లకు? జల్దీ దవాఖానకు నడువు!"

ఆటోలో పాప ఏడుపు ఆగిపోయింది. నాకు అదే ఎక్కువ భయమేసింది.

డాక్టరుగారు నోరంతా చూసి, "పలుచటి తేటే, ఏం గాదమ్మా" అన్నారు. "గది ఎందుకు తాగినవ్ బిడ్డా?"

"మమ్మీయే పీల్చుమన్నది. నేను సముద్రం గద!"

ఆయన నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నెల దాటినా, ఇది రాస్తూ మధ్యలో లేచి, నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను.