వాన వీధి మీద వేలిముద్రలు

నేను చేసిన తప్పును ఒక పెద్దావిడ తన తప్పనుకుంది. అనుకుందని చెప్పడం కూడా అబద్ధమే. అలా అనుకునేలా చేసింది నేను. ఏళ్ళ తరబడి ఆ బరువు మోస్తున్నాను. ఈ మధ్యలో ఉద్యోగాలు మారాను, పెళ్ళి చేసుకున్నాను, సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. నా భార్యకు ఈ సంగతి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నేనెవరో మీకు తెలియక్కర్లేదు.

చెప్పాలని కూర్చున్నప్పుడల్లా ముందు నా కష్టాలు చెప్పుకోబుద్ధవుతుంది. చలి, అద్దె, వీసా, ఒంటరితనం. అవన్నీ విన్నాక నా తప్పు మీకు కాస్త చిన్నదిగా కనబడుతుందని ఆశ. ఈసారి ఆ పని చెయ్యను.

కెనడాలోని హాలిఫాక్స్‌లో హార్బర్‌కి దగ్గరగా ఒక పాత రాతి మేడ ఉంది. ఎప్పుడో ఓడల వ్యాపారం చేసినాయన కట్టించుకున్నది. ఆయన ఓడలు న్యూయార్క్, బోస్టన్ వెళ్ళి వచ్చేటప్పుడు సరుకుతో పాటు నూనె రంగుల బొమ్మలు కూడా తెచ్చేవట. అమెరికా కొండలు, జలపాతాలు, ఎర్రగా పండిన అడవులు, హడ్సన్ నది మీద పొద్దుటి మంచు, గుర్రబ్బళ్ళు తిరిగే న్యూయార్క్ వీధులు. అన్నీ ఆయన గోడల మీదే ఉండిపోయాయి. ఇప్పుడా మేడ మ్యూజియం. నేను వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి, కోర్సు అయ్యాక చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క అక్కడ చేరాను. నల్ల కోటు వేసుకుని గదిలో నిలబడి, వచ్చినవాళ్ళెవరూ బొమ్మల్ని ముట్టుకోకుండా చూడటం నా పని. కంచే చేను మేసిందని సామెత. అది నా కోసమే పుట్టినట్టుంది.

విశాలాక్షి ఆంటీ అక్కడ వాలంటీర్ గైడు. కాకినాడ ఆవిడ. డాక్టరైన భర్తతో ముందు న్యూయార్క్ వెళ్ళి, తర్వాత హాలిఫాక్స్ వచ్చి స్థిరపడ్డారు. ఆయన పోయారు. కూతురు ఈ ఊళ్ళోనే వేరే ఇంట్లో ఉంటుంది. ఆంటీ హార్బర్‌కి అవతలి ఒడ్డునున్న డార్ట్‌మత్ నుంచి తన పాత కారును తానే నడుపుకుంటూ వంతెన దాటి వచ్చేవారు. చేరిన మొదటి రోజే నా నేమ్ ట్యాగ్ చదివి, ఎవరింటి పిల్లాడివి నాన్నా అని అడిగారు. ఆ తర్వాత నా లంచ్ సంగతి ఆవిడే చూసుకున్నారు. పులిహోర, గోంగూర, ఆవకాయ డబ్బాలు. మీ తెలంగాణ వాళ్ళకి ఈ కారం సరిపోతుందా అని ఏడిపించేవారు. నేను ఉప్పు తిన్న ఇల్లది. అక్షరాలా తిన్నాను.

ఆ బొమ్మలన్నింటిలో ఆవిడకు ఒక చిన్న బొమ్మ మీద ప్రాణం. సాయంత్రం పూట న్యూయార్క్ వీధి. వాన అప్పుడే తెరిపిచ్చింది. తడిసిన రోడ్డు మీద దీపాల వెలుగు పొడుగ్గా సాగి ఉంటుంది. గొడుగులు వేసుకుని నడిచిపోతున్న మనుషుల వీపులే తప్ప ఒక్క ముఖమూ కనబడదు. మేమిద్దరం దాన్ని వాన వీధి అనుకునేవాళ్ళం. పెళ్ళైన కొత్తలో భర్తతో న్యూయార్క్‌లో దిగిన రోజు ఇలాంటి వానేనట. గొడుగు లేక, టాక్సీ పిలవడం తెలియక, ఆయన కోటు ఇద్దరి తలల మీద కప్పుకుని నిలబడ్డారట. ఆ కథ చెబుతూ ఆవిడ వేలు బొమ్మకు బాగా దగ్గరగా వెళ్ళేది. మా సూపర్‌వైజర్ నెమ్మదస్తుడు. ఆవిడను నవ్వుతూనే మందలించేవాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, నాతో మాత్రం తెలుగులో, చూస్తుంటే వేలికి తడి తగులుతున్నట్టు లేదూ అనేవారు.

ఆ చలికాలం వాన వీధి ఉన్న గది గోడకు చెమ్మ పట్టింది. గచ్చు కొట్టి మళ్ళీ చెయ్యాలన్నారు. బొమ్మలన్నీ దించి, మెత్తటి దిమ్మల మీద మిగతా గోడల వెంట ఆనించి నిలబెట్టారు. దుమ్ము పడకుండా గదిని కనిపెట్టే కెమెరాకు ప్లాస్టిక్ కవర్ తొడిగారు. మర్నాడు అన్నీ కింది సామాను గదికి వెళ్ళిపోతాయి కాబట్టి, ఆ మధ్యాహ్నం ఆంటీ ఒక చిన్న గుంపును తీసుకొచ్చి దగ్గర నుంచి చూపించారు. ఎప్పటిలాగే వాన వీధి ముందు ఆగారు. ఎప్పటిలాగే వేలు చాపారు. ముట్టుకోలేదు. నేను చూశాను. ఆవిడ ముట్టుకోలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక గదిలో నేనొక్కణ్ణే మిగిలాను. వైరస్ రోజుల అలవాటుతో గుమ్మం దగ్గరున్న శానిటైజర్ చేతుల్లో దండిగా పోసుకుని రుద్దుకున్నాను. హడ్సన్ నది బొమ్మ పెద్దది. మొత్తం చూడాలని వెనక్కి నడిచాను. నా బూటు మడమ దేనికో తగిలింది. తిరిగి చూస్తే వాన వీధి.

కాలు తగిలితే మనమేం చేస్తామో మీకు చెప్పాలా? పుస్తకానికి తగిలినా, మనిషికి తగిలినా, ఆలోచించం. చెయ్యి దానంతటదే వెళ్తుంది. తాకుతుంది. కళ్ళకద్దుకుంటుంది. బుద్ధి తెలియక ముందే మా అమ్మ నేర్పిన పని అది. వంగాను. ఫ్రేమును ముట్టుకున్నా సరిపోయేది. నా మూడు వేళ్ళు బొమ్మ మీదే పడ్డాయి, కింద తడి రోడ్డు మీద. ఆ వేళ్ళనే కళ్ళకద్దుకున్నాను. కళ్ళు భగ్గున మండాయి. నీళ్ళు కారుతున్న కళ్ళతో చూస్తే, రోడ్డు మీది దీపపు వెలుగు చెదిరిపోయి, అక్కడ మూడు తెల్లటి మచ్చలున్నాయి. శానిటైజర్‌లోని స్పిరిట్‌కు పాత వార్నిష్ కరిగిందని తర్వాత విన్నాను. అప్పుడు నాకేం తెలుసు? కర్చీఫ్‌తో తుడిచాను. మచ్చ ఇంకా పాకింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. అరవడానికి లేదు. వెళ్ళి కళ్ళు కడుక్కుని వచ్చి, నా చోట నేను నిలబడ్డాను.

సూపర్‌వైజర్ సాయంత్రం చూశాడు. కేకలెయ్యలేదు. ఎవరికైనా ఏమైనా తెలుసా అని అందరినీ కూర్చోబెట్టి అడిగాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నేను చెయ్యి కోటు జేబులో దాచుకున్నాను. నా వైపు ఎవరూ చూడనే లేదు. అందరి మనసూ ఒకే చోటికి వెళ్ళింది. అప్పటికి కొంతకాలంగా ఆంటీ మరిచిపోతున్నారు. చెప్పిన కథే అదే గుంపుకు మళ్ళీ చెప్పేవారు. ఒకసారి కారు ఎక్కడ పెట్టారో గుర్తులేక మంచులో తిరుగుతుంటే నేనే వెళ్ళి వెతికిపెట్టాను. ఎవరూ ఆవిడ పేరు పలకలేదు. పలకకపోవడంతోనే తెలిసిపోయింది.

మర్నాడు కోట్లు తగిలించుకునే చోట ఆవిడ నా కోసం ఎదురుచూస్తున్నారు.

"నాన్నా, నువ్వక్కడే ఉన్నావు కదా. నేను దాన్ని ముట్టుకున్నానా?"

నేను కోటు విప్పి కొక్కేనికి తగిలించాను.

"వాళ్ళేం అనట్లేదు గానీ, నేనే అని అనుకుంటున్నారు. ముట్టుకోలేదనే నాకు గుర్తు. కానీ ఈ మధ్య నాకు గుర్తున్నవన్నీ నిజం అవట్లేదు. నువ్వు చెప్తే నమ్ముతాను."

"మీరు చానా దగ్గరికి పోయిన్రు ఆంటీ. చెయ్యి తగిలినట్టే ఉండె."

"నువ్వు చూశావా?"

"చూసిన ఆంటీ."

ఆవిడ తన కుడిచేతిని ఎత్తి, అది పరాయివాళ్ళ చెయ్యి అయినట్టు చూసుకున్నారు. తర్వాత నా భుజం తట్టి, నిజం చెప్పావు, మంచి పని చేశావు అన్నారు. నేరుగా వెళ్ళి సూపర్‌వైజర్‌తో ఆ పని చేసింది తనేనని ఒప్పుకున్నారు. ఆయన ఫరవాలేదన్నాడట, బొమ్మ బాగవుతుందన్నాడట. ఆవిడే ఉండనన్నారు. బ్యాడ్జ్ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఎందుకన్నాను ఆ మాట? చాలాకాలం నాకు నేను PR పేరు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతి పేరు చెప్పుకున్నాను. అప్లై చెయ్యబోతున్న రోజులవి, ఉద్యోగం పోతే ఎలా అని. అది కొంతవరకే నిజం. తెల్లవాడైన ఆ సూపర్‌వైజర్ ముందు నిలబడి, కాలు తగిలిందని బొమ్మను కళ్ళకద్దుకున్నానని చెప్పడానికి నాకు నామోషీ. నవ్వుతారనుకున్నాను. మా అమ్మ నేర్పిన మర్యాదకు సిగ్గుపడి, మా అమ్మ వయసున్న మనిషిని ముంచాను. ఇంకా అడుగుకు వెళ్ళి వెతికితే మరో మాట దొరుకుతుంది. అదే అన్నిటికంటే నీచం. ఆవిడ వాలంటీరు, పెద్దది, ఎలాగూ మరిచిపోతోంది, ఆవిడకు పోయేదేముందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

పోయేదేమిటో తర్వాత చూశాను. ఆవిడ కారు నడపడం మానేశారు. ఎవరూ తాళాలు లాక్కోలేదు, తనే కూతురి చేతిలో పెట్టారట. అమ్మ సడెన్‌గా తన మీద తాను నమ్మకం వదిలేసిందని ఆ అమ్మాయి నాతో ఇంగ్లీషులో చెప్పి బాధపడింది. ఒకసారి ఇండియన్ స్టోర్‌లో కనబడ్డారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు. బెండకాయల దగ్గర ఆగి, నువ్వే ఏరిపెట్టు నాన్నా, నా చేతులు మంచివి కావు అన్నారు. బెండకాయ చివర విరిచి లేతదో ముదురుదో చెప్పగల మనిషి ఆవిడ. ఏరిపెట్టాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను కూడా.

జబ్బు అంతకు ముందే మొదలైందని డాక్టర్లు చెప్పారట. ఆ మాట విన్న రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. ఎలాగూ వచ్చేదే కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. రానీ, వచ్చేది వచ్చేదే. కానీ ఇంకా కొంతకాలం తన గుర్తును తాను నమ్ముకుని బతకాల్సిన మనిషికి, నీ గుర్తు అబద్ధం అని చెప్పింది ఏ జబ్బూ కాదు. ఆ రోజు ఆవిడకు ఉన్నది ఉన్నట్టే గుర్తుంది. దాన్ని చెరిపింది నేను.

బొమ్మను బాగు చేయించి మళ్ళీ గోడకు పెట్టారు. ఇప్పుడు మచ్చ ఎవరికీ కనబడదు.

మొన్న ఒక ఆదివారం ఆంటీ ఉంటున్న కేర్ హోమ్‌కి వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. చేతులు శాలువా కింద దాచుకున్నారు. నన్ను గుర్తుపట్టలేదు. తెలుగు వినబడినందుకు సంతోషపడ్డారు. కుర్చీ దగ్గరికి లాక్కుంటుంటే నా కాలు ఆవిడ పాదానికి తగిలింది. వెంటనే వంగి తాకి కళ్ళకద్దుకున్నాను. అలా వంగినవాణ్ణి లేవలేకపోయాను. అక్కడే, నేల మీద కూర్చునే, అంతా చెప్పేశాను. ఇలాగే ఆంటీ, ఇలాగే కాలు తగిలింది, ఇలాగే ముట్టుకున్నాను, మీరు కాదు, నేను, అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఏడ్చాను.

ఆవిడ ఓపికగా విన్నారు. శాలువా కింది నుంచి చెయ్యి తియ్యబోయి, మళ్ళీ లోపలే పెట్టుకున్నారు.

"నా తప్పు నీ నెత్తినేసుకోకు బాబూ," అన్నారు. "ముట్టుకున్నది నేనే. అక్కడో కుర్రాడుండేవాడు, వరంగల్ అబ్బాయి. వాడు కళ్ళారా చూశాడు. వాడు అబద్ధం ఆడే పిల్లాడు కాదు."

కూతురి పేరు అడిగితే తడుముకుంటున్నారు. భర్త పోయారన్నది గుర్తులేదు. వాన వీధిని పాడుచేసింది తనే అన్నది మాత్రం గుర్తుంది. దానికి సాక్షి ఎవరన్నది కూడా గుర్తుంది. ఆ సాక్షి మీద ఆవిడకున్న నమ్మకం ముందు నా కన్నీళ్ళు ఎందుకూ పనికిరాలేదు. కాసేపు కూర్చుని, హార్బర్ దాటే ఫెర్రీ పడవ ఎక్కి ఇంటికి వచ్చేశాను.

క్షమాపణ ఇక ఎవరిని అడగాలో నాకు తెలియదు. మిమ్మల్ని అడగడం లేదు. మీరు ఎప్పుడైనా ఆ రాతి మేడకు వెళితే, హడ్సన్ నది బొమ్మ ఉన్న గదిలో, గొడుగులున్న ఒక చిన్న బొమ్మ ముందు కాసేపు నిలబడండి. దాన్ని ముట్టుకున్నది విశాలాక్షి ఆంటీ కాదు. నేను. ఒక్కరికైనా ఈ సంగతి తెలిసి ఉండాలని చెబుతున్నాను.