యాదికుండని మధుసూదన్

మా మధుసూదన్‌ను పేరడిగినా కంప్యూటర్ చూసే చెబుతాడు.

తూంకుంటలో మేమిద్దరం కలిసి జిరాక్సు దుకాణం నడుపుతున్నాం. జిరాక్సులు తీసేది నేను, నిట్టూర్చేదీ నేనే. అతను కంప్యూటర్ ముందు కూర్చుని తన సొంత వికీ రాసుకుంటూ ఉంటాడు. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒక్కో సంగతికి ఒక్కో పేజీ. అందులో ఏ మాట నొక్కినా ఇంకో పేజీ తెరుచుకుంటుంది. తెరుచుకోవడమే తప్ప మూసుకోవడం నేను చూడలేదు.

"చక్కెర ఎంతెయ్యాలె అన్నా?" అని టీకొట్టు సరళ అడిగేది.

"ఆగక్కా, జూస్త."

'టీ' పేజీలోంచి 'చక్కెర'కు, అక్కడినుంచి 'చీమల'కు పోయేవాడు. టీ చల్లారిపోయేది.

ఒకాయన జిరాక్సు ఎంత అని అడిగితే 'ధరలు' తెరిచి, అందులోంచి 'కాగితం', దాన్నుంచి 'వాన' దాకా వెళ్లి, పోయిన వానాకాలం మా కప్పు ఎక్కడెక్కడ కారిందో చదివి వినిపించాడు. ఆయన పక్క దుకాణంలో జిరాక్సు తీయించుకుని, మిగతాది వినడానికి మళ్లీ వచ్చాడు.

"ఒక్కటన్న నోటితోని చెప్పరాదే?" అన్నాను, ఓపిక చచ్చి.

"యాదికుండదు భయ్."

ఆ మాటకు బెంచీ మీది గాలయ్య పడీపడీ నవ్వాడు. ఆయన మధుసూదన్ మేనమామ. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికినవాడు. ఈమధ్య మతిమరుపు ముదరడంతో మధుసూదన్ రోజూ వెంట తెచ్చుకుంటున్నాడు.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగిపోయింది. తలెత్తి చూస్తే బెంచీ ఖాళీ.

నేను రోడ్డు మీదికి ఉరికి అటూ ఇటూ వెతుకుతున్నాను. మధుసూదన్ మాత్రం ఆటో నడిపే కుర్మయ్యకు ఫోన్ చేసి గడగడా చెప్పేశాడు.

"నీలం గళ్ల లుంగి, తెల్ల బనీను. ఎడమ కాలు కుంటుతడు. గట్టిగ అర్వకు, బెదురుతడు. చెరువు దిక్కే పోయుంటడు, కట్ట మీద జూడు. నీళ్లల్ల దిగకముందే జల్దీ పో!"

మేం బండి మీద చేరేసరికి గాలయ్య నీళ్ల అంచున నిలబడి, తన వల ఎవరు తీశారని కుర్మయ్యతో కొట్లాడుతున్నాడు.

ఆయన్ను ఆటో ఎక్కించాక మధుసూదన్‌ను నిలదీశాను. "అన్నీ యాదికున్నయ్ గదా నీకు! మరి గా కంప్యూటర్ లొల్లి ఏంది?"

అతను గొంతు తగ్గించాడు. "మామ ఏదన్న మర్సిపోతే ఇంట్ల అందరు గద్దిస్తుండ్రి. సిగ్గువడి మాట్లాడుడే బంద్ జేసిండు. 'నాక్గూడ యాదుండదు మామా, ఇద్దరం గల్సి జూద్దాం' అన్న. గప్పటిసంది అడుగుతుండు, నవ్వుతుండు."

దుకాణానికి వచ్చేసరికి కరెంటు ఉంది. గాలయ్య బెంచీ మీద కుదురుకుని నావైపు తిరిగాడు.

"ఇయ్యాల ఏ వారం బిడ్డా?"

పొద్దుటినుంచి చెబుతూనే ఉన్నాను. మళ్లీ నోటిదాకా వచ్చింది. మింగేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

"గదే యాదికొస్తలేదు మామా. జర జూడనియ్యి."

"నీగ్గూడనా!" గాలయ్య తొడ చరుచుకుని నవ్వాడు. "అయితే గీ దుకాణంల తెలివిగల్లోడు నేనొక్కణ్నేనా?"