స్ప్రింగు కథ

మా ఇంట్లో అబద్ధానికి ‘స్ప్రింగు కథ’ అని పేరు. అంతా మా నాన్న పుణ్యం. బ్రిటిష్ వాళ్ల సైన్యంలో చేరి ఇటలీ దాకా వెళ్లొచ్చిన మనిషి, స్ప్రింగు ఉన్న గొట్టాన్ని భుజానికి ఆనించుకుని ట్యాంకుని కొట్టానని జీవితమంతా చెప్పాడు. అమ్మ నమ్మలేదు. నేను అసలే నమ్మలేదు. చర్చిలో సాక్ష్యంగా చెబితే పాస్టరు గారు కూడా ఆమెన్ అనకుండా దగ్గి ఊరుకున్నారు.

ఎనభైల మొదట్లో నాన్న అమెరికాలో నేనుండే అరోరా ఊరికి వచ్చి మా ఇంట్లో ఆరు నెలలు ఉన్నాడు. పక్కింటాయన కూడా ఇటలీలో యుద్ధం చేసినవాడే, అమెరికా తరఫున. ఆయన గరాజ్ గోడకి, ట్యాంకుల్ని పేల్చే బజూకా తాలూకు ఖాళీ గొట్టం ఒకటి వేలాడుతుండేది. ఒక శనివారం పొద్దున్నే మమ్మల్నిద్దరినీ పిలిచి దాని పురాణం విప్పాడు. ట్యాంకుకి చిల్లు పొడిచే గ్రెనేడ్ ముందే తయారైందట, కానీ చేత్తో విసరడానికి మహా బరువు. ఎవరికో చెత్తకుప్పలో సరిగ్గా దాని లావు గొట్టం దొరికితే, గ్రెనేడ్‌కి రాకెట్ తగిలించి అందులోంచి వదిలారు. పరీక్ష రోజున గురి చూసే సాధనం లేకపోతే బట్టల హ్యాంగర్ తీగ వంచి కట్టారు. మీట నొక్కితే చెక్క పిడిలో ఉన్న బ్యాటరీలు రాకెట్‌ని అంటిస్తాయి. వెనకనించి మంట తన్నుకొస్తుంది, అక్కడ నిలబడ్డవాడు గోవిందా. బజూకా అన్న పేరేమో రేడియోలో ఒక హాస్యగాడు ఊదే గొట్టపు వాయిద్యానిది. అమెరికా ఆయుధమంటే నేనేదో అనుకున్నాను. ఇదైతే మా ఊళ్లో సైకిల్ షాపువాడు కూడా చేసేస్తాడు.

నాన్న కోసం అంతా తెలుగులో చెప్పాను. అమెరికన్ ఇంగ్లీష్ ఆయన చెవికి అందదు.

“మాది దీనికన్నా మొరటుదిరా. స్ప్రింగుది. వెనక మంట రాదు. ట్యాంకుని కొట్టానని చెప్పు ఆయనకి,” అన్నాడు.

వీధిలో నాకున్న పరువంతా ఆ స్ప్రింగుతో ఎగిరిపోతుందనిపించింది. “మా నాన్న వంటశాలలో పనిచేశాడు. ట్యాంకుల్ని దూరంనించి చూశాడట,” అని ఇంగ్లీష్‌లో చెప్పాను. పక్కింటాయన మర్యాదగా తలూపాడు.

“ట్యాంకుని కొట్టానంటే ఇంతేనా?” అని నాన్న లుంగీ ఎగ్గట్టాడు. మూలనున్న వెడల్పు చీపురు తీసుకుని గరాజ్ నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. చీపురు తలకి రెండు పాదాలూ తన్ని పెట్టి, కర్రని రెండు చేతులా గుండెల మీదికి లాగాడు. మొహం ఎర్రబడింది. మెడ నరాలు పొంగాయి. ఈయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సొస్తుందని నాకు భయమేసింది.

“పియాట్!” అని అరిచాడు పక్కింటాయన, కాఫీ కప్పు వదిలేసి.

అది బ్రిటిష్ వాళ్ల బజూకా లాంటిదట. లోపల లావుపాటి స్ప్రింగు. దాన్ని లాగి వదిలితే ఇనుప కడ్డీ బాంబు తోకలోకి దూసుకెళ్లి అక్కడి మందుని పేలుస్తుంది, బాంబు ఎగురుతుంది. ఇటలీలో ఒకసారి పక్కింటాయన కూడా ప్రయత్నించాడట. స్ప్రింగు కదల్లేదు గానీ నడుము పట్టేసిందన్నాడు. అంతా చెప్పి నా వైపు తిరిగి, “వంటవాడికి ఇదెలా తెలుసు?” అని అడిగాడు.

“ఏమంటున్నాడ్రా?” నేలమీంచే అడిగాడు నాన్న.

సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారి ఒక్క ముక్క మింగకుండా చెప్పాను, నేను కట్టిన వంటశాలతో సహా.

నాన్న లేచి లుంగీ దులుపుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“ఇప్పుడు నమ్మావా?”

“నమ్మాను నాన్నా.”

“నలభయ్యేళ్లు నేను చెబితే కథ. ఆయన ఒక్కసారి చెబితే నిజం,” అని చీపురు తీసుకెళ్లి మళ్లీ మూలన పెట్టాడు.