గోడ మధ్యలో నల్లరాయి

బట్టీ అక్కకు కోపం ముక్కు మీద ఉంటుందని వీధిలో అనుకునేవారు. ముక్కు మీద ఉండేది కళ్లజోడు. కోపం చేతుల్లో ఉండేది. ఆమె మట్టి పిసుకుతుంటే బల్ల అదిరి, పక్కవాటాలో గోడ గడియారం ఒరిగిపోయేది. "అక్కకి ఇవాళ ఎవరి మీదో మండినట్టుంది" అని నవ్వుకుంటూ వాళ్లు దాన్ని సరిచేసుకునేవారే తప్ప, వచ్చి అడిగే సాహసం చేసేవారు కాదు.

ఆమె తండ్రి ఇటుకల బట్టీలో మేస్త్రీ. బొగ్గు పొగలో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి చిన్నప్పుడే ఆ పేరు అంటుకుంది. పెళ్లయి బస్సు డ్రైవరు ఇంటికొచ్చాక ఆడపడుచు మొదటి వారమే దెప్పింది: "మట్టి పిసుక్కుని బాగుపడినవాళ్లు ఎవరైనా ఉన్నారా వదినా?" "నోరు పారేసుకుని బాగుపడినవాళ్లు ఉన్నారా వదినా?" అని ఈమె అంతకంతా అప్పజెప్పింది. ఆ తర్వాత వాళ్లిద్దరికీ మంచి స్నేహం కుదిరింది, అది వేరే సంగతి.

కొన్నేళ్లు బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పింది. పెద్దలెవరో చూడటానికి వస్తున్నారని హెడ్మిస్ట్రెస్ వంకర కుండలన్నీ బీరువా వెనక్కి తోయించి, చక్కనివి మాత్రం ముందు పెట్టించింది. బట్టీ అక్క ఆ వంకర కుండలన్నీ బుట్టలో వేసుకుని ఇంటికొచ్చేసింది. మళ్లీ ఆ గేటు తొక్కలేదు. మొగుడు వెనకవైపు పాత షెడ్డులో సామాను సర్ది, కరెంటు బట్టీకి తీగలు లాగి పెట్టాడు. ఆయన మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టు ఉంటాడు. ఇంట్లో మాటలన్నీ ఆమె వాటా.

ఇంటి నంబర్ల పలకలు, దుకాణాల పేర్లు, పార్కులో బెంచీలకు రంగు పలకలు చేస్తూ ఆమె పేరు నలుగురి నోళ్లలో పడింది. అలా విని పెద్దాసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. అవయవదానం విభాగం ఆమెది. చనిపోతూ కళ్లు, కిడ్నీలు, కాలేయం ఇచ్చినవాళ్ల పేర్లతో ముందు హాల్లో ఒక గోడ కట్టాలని ఆమె కోరిక.

"పేర్లు రాయడానికి నేనెందుకమ్మా? బోర్డులు రాసేవాణ్ణి పిలవండి" అంది బట్టీ అక్క.

డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. లేవబోతుంటే ఈమే ఆపింది. "కూర్చోండి. పొమ్మన్లేదు కదా. ఆ ఇంటివాళ్లని నా దగ్గరికి పంపండి. పోయినవాళ్ల వస్తువు ఏదో ఒకటి తెచ్చుకోమనండి. దువ్వెనో, తాళంచెవో. పచ్చి పలక మీద వాళ్ల చేత్తోనే అద్దిస్తా. కింద పేరు నేను చెక్కుతా."

"వస్తారంటారా?"

"అడిగి చూడండి. రాకపోతే అప్పుడు చూద్దాం."

వచ్చారు. ఒక ముసలావిడ కోడలి కళ్లజోడు తెచ్చింది. "బతికుండగా దీంతో నాకేసి ఎంత గుడ్లురిమి చూసేదో!" అంటూ దాన్ని మట్టి మీద ఎంత మెల్లగా ఆనించిందంటే, చంటిదాన్ని పక్కలో పడుకోబెట్టినట్టే ఉంది. ఒక లారీ మెకానిక్కు తన కొడుకు వాడిన స్పానరు తెచ్చాడు. మొదటిసారి అతను నొక్కిన నొక్కుకు మట్టి చిరిగిపోయింది. "తప్పైపోయింది మేడమ్" అని వెనక్కి జరిగాడు. "తప్పేంటి, మట్టికేం కొదవ" అని ఆమె కొత్త పలక పరిచింది. ఈసారి భయపడి అచ్చే పడకుండా ఆనించాడు. మూడోసారి ఆమె అతని చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి నొక్కారు. అతను చేతులు కడుక్కోకుండానే వెళ్లిపోయాడు.

హోటల్లో దుప్పట్లు ఉతికే ఆమె మొగుడి బూట్లు కవర్లో పెట్టుకుని వచ్చింది. కొత్త బూట్లు, అడుగున గీతలు కూడా చెరగలేదు.

"కొన్న నెలకే పోయాడు. నాలుగు రోజులు తొడిగితే వాడి సొమ్మేం పోయేది?" అంది పళ్లు కొరుకుతూ. ఎవడి సొమ్ము అని బట్టీ అక్క అడగలేదు. పైవాడి మీద ఆ కోపం తనకూ తెలిసిందే.

"దానానికి అడగ్గానే ఒప్పుకున్నావా?"

"ఎక్కడ! వద్దంటే వద్దన్నా. మా పెద్దాడు, 'నాన్న ఎవరికైనా లేదన్నాడా అమ్మా' అన్నాడు. దాంతో సరేనన్నా. ఇంటికెళ్లాక ఆ మాట అన్నందుకు వాణ్ణి రెండు వాయించా కూడా."

బట్టీ అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు విని మొగుడు షెడ్డులోకి తొంగిచూశాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లయిపోయారు.

పలకలు నెమ్మదిగా ఆరాయి, కాలాయి. ఒంటికి లేత తెలుపు పూసి, అచ్చు పడిన పల్లాల్లో ముదురు నీలం నింపి రెండోసారి కాల్చింది. హాల్లో బెంచీల ఎదురుగా గోడ నిండా దగ్గరుండి అతికించింది. ఎవరి పలకా ఇంకొకరిదాని కంటే అంగుళం పెద్దది కాదు. చివరి పలక పెట్టాక మొగుడు వచ్చి చాలాసేపు చూసి, "బాగుంది" అన్నాడు. ఆయన లెక్కన అది పెద్ద ఉపన్యాసం.

ప్రారంభం రోజున, సందుల్లో ఎక్కడైనా పూత రాలితే సర్దుదామని పనిసంచి భుజాన వేసుకుని ఆమె ముందుగానే వెళ్లింది. హాల్లో అడుగుపెట్టి ఆగిపోయింది.

గోడ సరిగ్గా మధ్యలో, పెద్ద బల్లంత నల్లరాయి. దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఈ గోడకు ఖర్చు పెట్టిన సిమెంటు వ్యాపారి పేరు, ఆయన భార్య పేరు, కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు, కోడళ్ల చదువులతో సహా. ఆ రాయి ఉన్నచోట నిన్నటిదాకా ఉన్న పలకలు లేవు.

ఆస్పత్రి డైరెక్టరు పూలగుత్తులు ఎక్కడ పెట్టాలో చూపిస్తూ కనబడ్డాడు. "రండి మేడమ్! గోడ అదిరిపోయింది."

"మధ్యలో పలకలేవి?"

"అవా? భద్రంగా తీయించాం. వెనక వరండాలో మళ్లీ పెట్టిద్దాం. పెద్దమనిషి మేడమ్, ఆయన చెయ్యి వేయకపోతే ఈ గోడే లేదు. ఆ మాత్రం మర్యాద చెయ్యాలి కదా."

"గోడ మీద ఉన్నవాళ్లకి మర్యాద అక్కర్లేదా?"

"వాళ్లు..." అని ఆయన మాట మింగేశాడు. 'చూడరు కదా' అనబోయాడని ఆమెకు తెలిసింది.

భద్రంగా తీసిన పలకలు సామాన్ల గదిలో, విరిగిన చక్రాల కుర్చీల కింద దొరికాయి. డ్రిల్లింగ్ మిషనుతో పెళ్లగించారు. కళ్లజోడు పలకకు ఒక మూల పోయింది. స్పానరు పలక మూడు ముక్కలు. బూటు పలకలో మడమ ఒక్కటే మిగిలింది, తక్కినదంతా నుసి. ఆమె నేల మీద కూర్చుని ఆ ముక్కలన్నీ ఏరి చీర కొంగులో పోసుకుంది. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి, "నాకు చెప్పలేదక్కా, ఒట్టు" అని ఏడ్చింది. "ఏడిస్తే అతుక్కుంటాయా? లే" అని కసిరింది బట్టీ అక్క. తన కళ్లలో నీళ్లు వస్తే ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

హాల్లోకి తిరిగొచ్చేసరికి బూట్ల ఆమె పిల్లల్ని ఉతికిన బట్టల్లో తీసుకొచ్చింది. వరసవరసనా వేలు పెట్టి వెతుకుతోంది. చిన్నదాన్ని ఎత్తుకుని పైవరసలు కూడా చూపిస్తోంది.

"అక్కా, మాది ఎక్కడ పెట్టావు? కనబడట్లేదు."

బట్టీ అక్క కొంగు విప్పి చూపించింది. అంతే.

అప్పుడే వ్యాపారి వచ్చాడు. చేతికర్రతో నెమ్మదిగా నడిచే ముసలాయన. వెనక కొడుకులు, కోడళ్లు, మనవలు. చప్పట్ల మధ్య బట్టీ అక్క ఎదురెళ్లి నిలబడింది.

"ఏమండీ, చచ్చినవాళ్ల నెత్తిన ఎక్కి కూర్చుంటే గానీ మీ పేరు కనబడదా?"

హాలు గతుక్కుమంది. ముసలాయన తెల్లబోయాడు. "ఎవరమ్మా నువ్వు? ఎవరి నెత్తి?"

ఆమె కొంగులోని ముక్కలు చూపించి చెప్పింది. ఆయన డైరెక్టరు వైపు తిరిగాడు. "పలకలు తీశారని నాకు చెప్పలేదేం? ఏదో మూల పేరు వేస్తామంటే సరేనన్నాను." ఆ మాటలో అబద్ధం కనబడలేదు. తెలియనివాణ్ణి పట్టుకుని నలుగురిలో అంత మాట అన్నానే అని ఆమె మనసు చివుక్కుమంది. రాయి తీయించండి అంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన రాయి వంక చూశాడు. దాని ముందు ఫొటోలు దిగుతున్న మనవల వంక చూశాడు.

"సరే, అయిందేదో అయింది. పెట్టేశారు కదా. ఇప్పుడు పీకితే బాగుండదు" అన్నాడు.

"బాగుండదా!"

ఆ కేకకు చిన్నపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆమె సంచిలోంచి సుత్తి, ఉలి తీసింది. ఒక్క దెబ్బకు నల్లరాయి మూల ఎగిరిపడింది. కాపలావాడు ఉరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి" అన్న మాట వినబడింది. గట్టిగా కూడా కాదు. ఎప్పుడొచ్చాడో, ఆమె మొగుడు. జీవితమంతా కిక్కిరిసిన బస్సు నడిపినవాడి గొంతు అది. కాపలావాడు చెయ్యి తీసేశాడు.

రెండో దెబ్బ పడకముందే బూట్ల ఆమె అడ్డం వచ్చింది. "అక్కా, ఆగు. ఆ రాయి పగిలితే నిన్ను లోపల వేస్తారు, వాళ్లు ఇంకో రాయి తెస్తారు. నాకేం ఒరిగింది?" అని ఆ రాయి కిందే చతికిలబడింది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "మా ఆయన చోటు మాకిచ్చేదాకా నేను కదలను. రిబ్బను కోసుకుంటారో, నన్ను కోసుకుంటారో మీ ఇష్టం."

కోడలి కళ్లజోడు ముసలావిడ మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ వచ్చి ఆమె పక్కన కూలబడింది. తర్వాత ఇంకొకరు. పలకలు చెక్కుచెదరని ఇళ్లవాళ్లు కూడా వచ్చారు. డాక్టరమ్మ కాసేపు అటూఇటూ చూసి, చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది. డైరెక్టరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఇది ఆస్పత్రి, రోగులుంటారు" అని బతిమాలాడు. "మాకు తెలుసు నాయనా, మావాళ్లు ఇక్కడే పోయారు" అంది ముసలావిడ.

సాయంత్రానికి వ్యాపారే తన మేస్త్రీని పిలిపించాడు. మనసు కరిగి కాదు, విసుగు పుట్టి. "తీసెయ్యండి బాబూ, పేరు కోసం వస్తే పరువు పోయేట్టుంది" అని కారెక్కాడు. నల్లరాయిని లిఫ్టు పక్కకు మార్చారు. మూల విరిగి ఇప్పటికీ అక్కడే ఉంది.

డైరెక్టరు పోలీసులకు ఫిర్యాదు చేశాడు. క్షమాపణ చెబితే వదిలేస్తామన్నారు. ఆమె ప్రాణం పోయినా చెప్పనంది. ఆమెకు తెలియకుండా మొగుడు వెళ్లి ఆమె తరఫున చేతులు జోడించి వచ్చాడు. ఈ సంగతి ఆడపడుచు నోరుజారితే బయటపడింది. పదిహేను రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు ఆ తేడా పెద్దగా తెలియలేదని ఆమెకు ఇంకా మంట. అసలు తప్పు చేసిన డైరెక్టరు మాత్రం ఇంకో పెద్ద ఆస్పత్రికి, ఇంకా పెద్ద కుర్చీలోకి వెళ్లాడు. అది తలుచుకున్నప్పుడల్లా పక్కవాటా గడియారం ఒరిగేది.

పోయిన పలకలు మళ్లీ చెయ్యాలి. ముసలావిడ కళ్లజోడు తెచ్చి, "దీని పీడ నన్ను వదలదు" అంటూ మళ్లీ అంతే మెల్లగా ఆనించింది. మెకానిక్కు రాలేదు. ఫోన్లో, "ఒకసారి నొక్కాను మేడమ్. మళ్లీ నా వల్ల కాదు" అన్నాడు. ఆమె బలవంతపెట్టలేదు. మూడు ముక్కలూ తనే అతికించింది. గీతలు కనబడుతూనే ఉన్నాయి. ఆ పలక ముందు ఒకసారి ఎవరో చదువుకున్నాయన ఆగి, "ఈ పగుళ్లలో ఎంత అర్థం పెట్టారండీ!" అని మెచ్చుకున్నాడు. "అర్థం కాదు, డ్రిల్లింగ్ మిషను" అని ఆమె చరచరా వెళ్లిపోయింది.

బూట్ల ఆమె పెద్దకొడుకును వెంటబెట్టుకొచ్చింది. బూట్లు వాడి కాళ్లకే ఉన్నాయి. ఈ మధ్య కాలంలో వాడి పాదం పెరిగింది. విప్పించి చూస్తే అడుగున గీతలన్నీ అరిగి, ఒకవైపు నున్నగా అయిపోయాయి.

"కాలు ఈడుస్తూ నడుస్తాడు, ఎన్నిసార్లు చెప్పినా వినడు" అని తల్లి వాడి వీపు మీద ఒకటి వేసింది. తర్వాత ఆ అడుగును వేలితో తడిమింది. "అక్కా, ఇప్పుడిది ఎవరిదవుతుంది? వాళ్ల నాన్నదా, వీడిదా?"

బట్టీ అక్క అరలోంచి పాత ముక్క తీసింది. "మడమ ముక్క నా దగ్గర ఉంది. కావాలంటే దాన్నే పెడతా."

"వద్దు. ఆ కొత్తదాన్ని చూస్తే నా కడుపు మండుతుంది. ఈ అరిగినదే పెట్టు."

కొడుకే అద్దాడు. తల్లి వాడి భుజం పట్టుకుని నిలబడింది.

గోడకు ఇప్పటికీ పలకలు చేరుతూనే ఉన్నాయి. ఎవరో ఒకరు షెడ్డు గుమ్మం దగ్గర చేతిలో ఏదో పట్టుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడతారు. మొన్న ఒకాయన, "నాకు ఏడుపొస్తుందేమోనండీ" అని నసిగాడు.

"వస్తే ఏడవండి, మట్టికి తడి మంచిదే" అంది బట్టీ అక్క, పీట ముందుకు తోస్తూ. "చెప్పిన వేళకి మాత్రం రండి. ఆలస్యమైతే పలక బిగుసుకుపోతుంది. ఆ తర్వాత నా నోరు మంచిది కాదు."