పైపుల్లో నీళ్లకు కాపలా కాసిన మనిషి

మునిరత్నం అన్న పరమపదించాడన్న దుర్వార్త పదిరోజుల కిందట, నేను అంగడి షట్టరు ఎత్తుతుండగా ఫోనులో వచ్చింది. "తెల్లారి లేపితే లేయలేదు చిన్నాయనా" అంది ఆయన కూతురు. నా నోట మొదట వెలువడింది సంతాపం కాదు. "ఇంకో డాక్టరును పిలవమ్మా" అన్నాను. "ఇద్దరు సూసినారు చిన్నాయనా" అందా బిడ్డ. అంగడివాళ్ల ఇంట పుట్టిన దౌర్భాగ్యుణ్ణి. ఎదుటివాడు చెప్పిన ధరను ఏనాడూ ఒప్పుకోని ఈ నాలుక మృత్యువుతో సైతం బేరానికి దిగింది. అక్కడ ఏమీ తగ్గలేదు.

చిత్తూరు బజారులో నాది మూడంతస్తుల బట్టల అంగడి. పైకప్పు పొడవునా పోయే ఎర్రపైపులకు గుప్పెట్లో ఇమిడే ఇత్తడి స్ప్రింక్లర్లు వేలాడుతుంటాయి. కింద మంట లేస్తే ఆ వేడికి వాటిలోని గాజుబుడ్డి పగిలి నీళ్లు చిమ్ముతాయి. పగలాల్సిన రోజున పగులుతాయా లేదా అని పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టడమే ఇన్‌స్పెక్టరుగా మునిరత్నం అన్న యావజ్జీవం చేసిన తపస్సు. తిరుపతి లాడ్జీలు, కాణిపాకం సత్రాలు, చిత్తూరు ఆస్పత్రులు, అన్నీ ఆయన నిచ్చెన ఎక్కినవే. నగరిలో మగ్గాల ఇంట పుట్టినవాడు. "బట్ట ఎంత బిరీన కాల్తాదో నేసినోళ్లకు తెలుసు. అమ్మేటోళ్లకు యాడ తెలుస్తాదప్పా" అని నన్ను దెప్పేవాడు.

పైపు చివరి వాల్వు తిప్పి, నీళ్లు పారి, కింద గంట మోగేదాకా ఆయన మా అంగట్లో టీ ముట్టేవాడు కాదు. నెలల తరబడి పైపులో నిలిచిన ఆ నల్లనీళ్ల దుర్గంధం చొక్కాకు పట్టేది. పట్టుచీరలకు వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటున్నారని నేను గొణిగితే, "నీ అంగట్లో కల్తీలేని సరుకు నేనొక్కణ్ణేలేప్పా" అనేవాడు.

ఒక ఆయుధపూజకు ముందు పైకప్పుకు రంగు వేయించాను. అందంగా ఉంటుందని స్ప్రింక్లర్లకూ పూయించి, "సూడన్నా, ఉండాయో లేదో కూడా తెలీడంలా" అని గర్వంగా చూపించాను. ఆయన ముఖం వివర్ణమైంది. రంగు పూసిన గాజుకు వేడి వేళకు సోకదట.

"అన్నీ మార్చల్ల" అన్నాడు.

"టిన్నరుతో తుడిపిస్తాలే అన్నా."

"తుడిస్తే పనికిరావు. మార్చల్ల."

"సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. సగం మారుద్దాం."

మా వీధిలో ఏ బేరమైనా సగం దగ్గర తెగుతుంది. ఆయన నిచ్చెన మెట్టు మీదే కూర్చున్నాడు.

"పైన ఎంతమంది పన్జేస్తారప్పా?"

"పదకొండు మంది ఆడోళ్లు."

"వాళ్లల్లో సగం మంది పేర్లు సెప్పు."

పైన చీరలు మడతపెడుతూ రెడ్డెమ్మ ఏదో అంటే మిగిలినవాళ్లు నవ్వుతున్నారు. ఆ నవ్వులు కిందికి వినబడుతున్నాయి. అన్నీ మార్పించాను.

అన్నీ అనడం నా గొప్ప. రెడ్డెమ్మ పనిచేసే ఇస్త్రీ గదిలోని రెండింటి ఖర్చైనా మిగిలించుకుందామని, తాళంచెవి పోయిందన్నాను. అది నా జేబులోనే ఉంది. ఆయన వాదించలేదు. 'ఇస్త్రీ గది చూడలేదు' అని రిజిస్టరులో రాసి వెళ్లిపోయాడు. మర్నాడు నగరి నుంచి మొదటి బస్సుకు వచ్చి, మెట్ల మీద కూర్చున్నాడు. "దొరికేదాకా ఉంటాలేప్పా. నువ్వు నిదానంగా ఎతుక్కో." మధ్యాహ్నానికి నాకు సిగ్గేసింది, తాళంచెవి దొరికింది, ఆ రెండూ మారాయి.

నాలుగు నెలలకు ఆ గదిలోనే ఇస్త్రీపెట్టె కింద చీర అంటుకుంది. మంట పక్కనున్న కట్టలకు పాకి తలుపుకు అడ్డం నిలిచింది. లోపల రెడ్డెమ్మ. కొత్త స్ప్రింక్లరు ఒక్కటి పగిలింది. ఆమె నిలువునా తడిసి బయటికి వచ్చింది. నేను అన్నకు ఫోను చేసి ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఇస్త్రీ గదిలో మంట లేసిందన్నా. నీ నీళ్లకు పెండ్లి సరుకంతా తడిసిపాయె."

"రెడ్డెమ్మ యాడుండాది?"

"ఈడ్నే. చీరలు ఆరేస్తా ఉండాది."

"ఆరేసుకోనీప్పా" అన్నాడు.

తాళంచెవి సంగతి ఆ రోజే చెప్పవలసింది. ఆయన వచ్చిన ప్రతిసారీ, మళ్లీ వస్తాడు కదా, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. చివరికి నగరిలో ఆయన పార్థివదేహం పాదాల దగ్గర నిలబడి చెప్పాను.

నిన్న ఆయన స్థానంలో కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కింద నిలబడి తల ఎత్తి చూసి, "అన్నీ బాగుండాయి సార్, రిజిస్టరు ఇయ్యండి" అన్నాడు. ఇన్నేళ్లు నేను దేవుళ్లకు మొక్కుకున్నది ఇలాంటివాడి కోసమే. అయినా రిజిస్టరు నా చేతిలోంచి కదల్లేదు.

"పైన పదకొండు మంది ఉండారు నాయనా" అన్నాను.

"అయితే?" అన్నాడు.

అన్నా, నీవంటి కర్మయోగికి అశ్రునివాళి అర్పించే అర్హత కూడా నాకు లేదు. ఆ ప్రశ్నకు నీలాగా జవాబు చెప్పడం రాక, సంతకం లేకుండానే ఆ కొత్తాయన్ను పంపించేసి, నేనే నిచ్చెన ఎక్కాను. గాజుబుడ్డిని చాలాసేపు చూశాను. బాగుందో లేదో నాకు తెలియలేదు.