సర్వీసు నడుస్తోందన్నారు

ఉద్దానంలో ఒక చిన్న డయాలసిస్ కేంద్రానికి కంప్యూటర్లు చూస్తుంటాను. ఉండేది పలాసలో. ఆ ఉదయం అక్కడి నర్సు ఫోన్ చేసింది.

"సార్, పేషెంట్ల వేలిముద్ర పడతం నేదు. ఒక్కరినీ మిషన్ మీదకి తీసుకోలేకపోతన్నాం."

వేలిముద్ర పడ్డాకే డయాలసిస్ మొదలుపెట్టాలన్నది కేంద్రాన్ని నడిపే కంపెనీ నియమం. రక్తం శుభ్రం చేసే మిషన్‌కి ఇంటర్నెట్‌తో ఏ పనీ లేదు. అయినా పడాల్సిందే. బండి తీశాను.

నేను వెళ్లేసరికి వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. గుమ్మం దగ్గర ఒక కొబ్బరి రైతు, పక్కన ఆయన భార్య. మొహం ఉబ్బిపోయి ఆయన కళ్లు సరిగా తెరుచుకోవడం లేదు.

"ఇంకా సేపౌతాదా బాబూ?" అని ఆమె అడిగింది. "రేత్తిరంతా కూకునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడతం నేదు."

"ఇప్పుడే సూత్తానమ్మా," అని లోపలికి వెళ్లాను.

అది లైనక్స్ సర్వర్. వేలిముద్రల సర్వీసు స్థితి చూస్తే, నడుస్తోందని పచ్చ అక్షరాల్లో చూపించింది. నగరంలో ఉన్న హెడ్డాఫీసుకి ఫోన్ చేశాను.

"మాకూ గ్రీనే కనబడుతోందండీ. సర్వీస్ రన్నింగ్‌లోనే ఉంది. మీ లోకల్ నెట్ చెక్ చేసుకోండి," అన్నాడు అక్కడి ఉద్యోగి.

"నెట్ బాగానే ఉంది. ఇక్కడ మనుషులు ఆయాసపడుతూ కూర్చున్నారు."

"కంప్లైంట్ టికెట్ రెయిజ్ చేయండి," అని పెట్టేశాడు.

సర్వీసు తన పని రాసుకునే లాగ్ తెరిచాను. తెల్లవారినప్పటి నుంచి ఒకటే వాక్యం: హెడ్డాఫీసు మెయిన్ సర్వర్ పేరుకి నంబరు దొరకడం లేదు, తాత్కాలిక సమస్య. తాత్కాలికమట. సర్వీసు ఆగిపోలేదన్నది నిజమే. అడగడం, జవాబు రాకపోవడం, మళ్లీ అడగడం, అంతే అది చేస్తున్న పని.

ముందురోజు లాగ్‌లో మెయిన్ సర్వర్ నంబరు దొరికింది. అది పలుకుతుందా అని నంబరుతో పింగ్ కొడితే వెంటనే పలికింది. పేరుతో కొడితే లేదు. పేరు ఇస్తే నంబరు చెప్పాల్సిన డీఎన్ఎస్ సర్వర్‌కి కొట్టి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ హెడ్డాఫీసుకి చేసి డీఎన్ఎస్ పలకడం లేదన్నాను.

"ఆ పాతది నిన్న తీసేశాం కదండీ. మెయిల్ రాలేదా?"

"రాలేదు. కొత్తదాని అడ్రస్ చెప్పండి."

"అది నెట్‌వర్క్ టీమ్ చెప్పాలి. మీటింగ్‌లో ఉన్నారు. అప్పటిదాకా మీరేమీ ముట్టుకోవద్దు."

ఈసారి ఫోన్ నేనే పెట్టేశాను. హోస్ట్స్ ఫైలు తెరిచి మెయిన్ సర్వర్ నంబరూ, పేరూ ఒకే వరసలో రాశాను. అలా రాస్తే సర్వర్ ఇంకెవర్నీ అడగక్కర్లేదు. సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టాను.

"పడింది సార్," అంది నర్సు, ఆ రైతును లోపలికి నడిపించుకు వస్తూ.

కానీ అప్పటికే మధ్యాహ్నం షిఫ్టు పేషెంట్లు ఆటోలు దిగుతున్నారు. ఉన్న మిషన్లు అందరికీ సర్దాలి.

"ఇయాల ఓ గంట తగ్గించాలమ్మా," అని నర్సు రైతు భార్యకు చెప్పింది.

"గంట తగ్గితే ఒంట్లో నీరెక్కడికి పోతాది?" అని ఆమె నెమ్మదిగా అడిగింది.

నేను గోడ వైపు తిరిగాను. ఆమె తిట్టినా బాగుండేది.

సాయంత్రం హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అన్ని కేంద్రాల్లోనూ సర్వీసు నిరంతరాయంగా నడిచిందట. అనుమతి లేకుండా ఫైలు ఎందుకు మార్చానో సంజాయిషీ ఇవ్వాలట. అప్పటిదాకా పంటి బిగువున ఆపుకున్నదంతా జవాబులో రాసేశాను. ఇకపై సిస్టమ్ పలకకపోతే నర్సులు ముందు డయాలసిస్ మొదలుపెడతారనీ, వేలిముద్ర తర్వాత వేయిస్తారనీ, అలా చేయమని చెప్పింది నేనేననీ రాసి, కంపెనీ పెద్దలందరికీ పంపాను.

వాళ్లు సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. ఉద్యోగం ఇంకా ఉంది. నర్సులు ఇప్పుడు అలాగే చేస్తున్నారు. ఇంత చిన్న విషయానికి అంతమంది అలా కూర్చోవాల్సి వచ్చిందే అని తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.